దూరపు రాజ్యములు – పత్రికల చిత్రములు



మన ఊరి చెరువునకు తూము సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు మనకు వార్తాపత్రికతో పనిలేదు. గట్టుమీదికి పోయి చూచినచో తెలియును. కాని మాస్కో చుట్టుపట్ల పల్లెలలో రైతు కడుపునిండ తినుచుండెనో లేదో, చీనాదేశమున పంటలు పండినవో ఎండినవో తెలిసికొనవలెనన్నచో మనకు ఒరుల కన్నులే శరణ్యము. దూరపు కొండలు నునుపు అని మన పూర్వులు చెప్పిరి. నునుపుగా చూపువారు కొందరు. అదే కొండను రాక్షసాకారముగా చూపువారు మరికొందరు. సామ్యవాద ప్రభుత్వములను గురించి పత్రికలును, రేడియోయు, నాటకములును చూపిన చిత్రములు ప్రజల అభిప్రాయములను ఏ విధముగా దిద్దినవి, ఎంతవరకు దిద్దగలిగినవి యనునదే నేటి ప్రసంగ విషయము. ఇందుకు మన ఆంధ్రదేశముననే ఒక గొప్ప నిదర్శనము గలదు. అది 1955 ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్ర శాసనసభ ఎన్నికల చరిత్ర.

ఆ పోరాటమున రెండు పక్షములకును ముందు నిలిచినవారిలో ఇద్దరు మన నెల్లూరుసీమవారే. పెన్నకు ఉత్తరమున, కోవూరు ప్రాంతమున, బుచ్చిరెడ్డిపాలెమున పుట్టినవారు బెజవాడ గోపాలరెడ్డిగారు. సముద్రమునకు దాపున అలగానిపాడు గ్రామమున 1913లో పుట్టినవారు పుచ్చలపల్లి సుందరయ్యగారు. గోపాలరెడ్డిగారు శాంతినికేతనమున చదివి, రవీంద్రుని రచనలను తెనిగించి, 1937లోనే మదరాసు మంత్రివర్గమున చేరినవారు. సుందరయ్యగారు మొదట సుందరరామిరెడ్డి యను పేరు గలవారు; కులమును తెలుపు భాగమును తామే విడిచివేసిరి; ఉప్పుసత్యాగ్రహ కాలమున చెరసాలకు పోయి, పిమ్మట తమ ఊరి వ్యవసాయ కూలీలను సంఘముగా కూర్చి, కమ్యూనిస్టు పక్షమునకు ఆంధ్రదేశమున మూలస్తంభమైరి. ఒకే ఏటి నీరు త్రాగిన ఇద్దరు, ఒకే తరగతి భూస్వామి కుటుంబములనుండి వచ్చినవారు, సామ్యవాద రాజ్యమనినంతనే రెండు వేరువేరు చిత్రములను ప్రజల ముందుంచు పక్షములకు నాయకులైరి.

ఆ చిత్రములు పల్లెకు ఎట్లు చేరుచుండెనో మొదట తెలిసికొనవలెను. 1951 జనాభా లెక్కల ప్రకారము మనదేశమున చదువను వ్రాయను నేర్చినవారు నూటికి 18 మంది మాత్రమే. తెలుగువారి పెద్ద దినపత్రికలు రెండును మదరాసున అచ్చగుచుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా నెలకొల్పి 1914లో మదరాసున దినపత్రికగా మార్చిన ఆంధ్రపత్రిక యొకటి. 1938లో వెలసిన ఆంధ్రప్రభ రెండవది. దీనికి 1942 మొదలు 1959 వరకు నార్ల వెంకటేశ్వరరావుగారు సంపాదకులు. కమ్యూనిస్టు పక్షమువారికి విజయవాడనుండి 1952లో ప్రారంభమైన విశాలాంధ్ర దినపత్రిక గలదు. అంతకుముందు వారి ప్రజాశక్తి పత్రికను ప్రభుత్వము 1948లో నిషేధించి యుండెను. మన జిల్లాలో జమీన్ రైతు వారపత్రిక వెంకటగిరి జమీందారీ రైతుల కష్టములను చాటుచు పేరుగాంచినది.

పత్రిక ఊరికి ఒకటియో రెండో వచ్చుచుండెను. దానిని ఒకరు చదువ, పదిమంది వినుచుండిరి. రచ్చబండమీద చదువు ఆ ఒక్కరు ఏ వార్తను గట్టిగా చదివిరో, దేనిని దాటవేసిరో, దేనికి నవ్విరో, దేనికి తల యూచిరో, అదియే ఊరివారికి ప్రపంచమైనది. కాబట్టి పత్రికల ప్రభావమనునది సంపాదకుని కలముతో ముగిసిన విషయము కాదు. చదివి వినిపించిన గ్రామపెద్ద గొంతునందును దానికి సగము బలము కలిగెను. ఈ ప్రసంగమును మీకు ప్రత్యేకముగా ఉద్దేశించుటకు కారణము ఇదియే.

చదువురానివారికి వేరొక దారి గలదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలివారు బుర్రకథను, వీథినాటకమును రాజకీయ సాధనములుగా మార్చిరి. షేక్ నాజరుగారి బుర్రకథకు వేలాదిజనులు తెల్లవార్లు కూర్చుండిరి. తెలంగాణా రైతుల పోరాటమును చూపిన మాభూమి నాటకమును మదరాసు ప్రభుత్వము నిషేధించెను. ఇక రేడియో సర్కారువారిది. మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను తెరువబడినను, రాజకీయపక్షములు తమ వాదమును ఆకాశవాణిలో వినిపించుటకు మొదటిసారి అవకాశము కలిగినది 1977 ఎన్నికలలో మాత్రమే. అనగా 1955లో ప్రతిపక్షమునకు రేడియో లేదు, పెద్ద పత్రికలు లేవు. బుర్రకథయు, విశాలాంధ్రయు, కార్యకర్తల కాళ్లును ఉండెను.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడినది. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో మద్యనిషేధ విషయమున ఒక్క వోటు తేడాతో పడిపోయెను. రాష్ట్రపతి పాలన వచ్చి, ఎన్నికలు ప్రకటింపబడినవి. 1952 ఎన్నికలలో ఆంధ్రజిల్లాల 140 స్థానములందు కమ్యూనిస్టులు 41 గెలిచి కాంగ్రెసుతో సరితూగి యుండిరి. కాబట్టి ఈ మారు ప్రభుత్వము తమదేయని వారు ధీమాతో నుండిరి. మనదేశమున ఎన్నికల మార్గమున కమ్యూనిస్టు ప్రభుత్వము మొట్టమొదట ఆంధ్రముననే ఏర్పడునేమో యని దేశవిదేశముల విలేఖరులు కనిపెట్టి చూచిరి. కాంగ్రెసు అధిష్ఠానవర్గము బొంబాయినుండి యస్.కె. పాటిల్ గారిని పంపి ప్రచారమును నడిపించెను.

ఆంధ్రప్రభయు ఆంధ్రపత్రికయు కాంగ్రెసు కూటమి వైపున నిలిచినవి. నార్లవారి సంపాదకీయములు కమ్యూనిస్టులపై పదునైన కత్తులై వెడలినవి. ఆ వైపు ప్రచారమున ముఖ్యముగా వినవచ్చిన మాట భూమిని గూర్చినది. రష్యాలో రైతు తన పొలమును సమష్టి క్షేత్రమునకు అప్పగించి కూలివాడైనాడనియు, రేపు కృష్ణాతీరమునను పెన్నాతీరమునను అదే జరుగుననియు హెచ్చరించిరి. దైవము, గుడి, కుటుంబము నిలువవనిరి. రెండవ వైపు ప్రచారమున రష్యా భూలోక స్వర్గము. అచ్చట నిరుద్యోగము లేదు, ఆకలి లేదు, కన్నీరు లేదు. ఇంచుమించు ఆ కాలముననే సోవియట్ భూమి వంటి పత్రికలు నునుపైన కాగితముమీద నవ్వుముఖముల రైతుల బొమ్మలతో చౌకధరకు తెలుగులో రాసాగినవి. ఒక చిత్రమున చీకటి తప్ప లేదు. మరొక చిత్రమున నీడయే లేదు.

సామ్యవాద మనుమాట సహితము ఆ ఎన్నికలలో ఒకరి సొత్తుగా నిలువలేదు. 1955 జనవరిలో మదరాసు చెంత ఆవడిలో జరిగిన కాంగ్రెసు మహాసభ సామ్యవాద తరహా సమాజమే తమ లక్ష్యమని తీర్మానించెను. అదే నెలలో మాస్కోనుండి వెలువడు ప్రావ్దా పత్రిక నెహ్రూగారి విదేశాంగ నీతిని మెచ్చుకొని సంపాదకీయము వ్రాసెను. కాంగ్రెసువారు దానిని అచ్చువేయించి ఆంధ్రదేశమున పంచిపెట్టిరి. మాస్కో మాట నమ్మరాదని ప్రచారము చేసినవారే మాస్కో మాటను సాక్ష్యముగా చూపిరి. మాస్కో మాటయే ప్రమాణమని నమ్మినవారు ఆ కాగితమును చూచి చిక్కున పడిరి. అదే సంవత్సరము నవంబరులో బుల్గానిన్, క్రుశ్చేవ్ గార్లు మనదేశమునకు రాగా నగరములలో ఘనస్వాగతములు జరిగినవి. ఫిబ్రవరిలో భూతముగా చూపబడిన రాజ్యము నవంబరునాటికి మిత్రరాజ్యమైనది. ఆ తొమ్మిది నెలలలో రష్యా మారినదా? మారినది మన అవసరము.

ఇప్పుడు నిజమెంత యని అడుగవలెను. రెండు చిత్రములును అబద్ధములే యని కొట్టివేయుట సులభము గాని న్యాయము కాదు. సమష్టి క్షేత్రములను గూర్చిన భయమునకు ఆధారము లేకపోలేదు. 1929 మొదలుకొని సోవియట్ ప్రభుత్వము రైతుల భూములను బలవంతముగా కలిపివేసెను. 1932–33లో ఉక్రేను మొదలగు ప్రాంతములందు ఘోరక్షామము వచ్చి లక్షలకు లక్షలు జనులు చనిపోయిరి. ఆ సంగతిని లోకమునకు చెప్పవలసిన విలేఖరులలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక మాస్కో ప్రతినిధి వాల్టర్ డ్యురంటీ ఒకడు. 1932లో అమెరికాలో గొప్పదైన పులిట్జర్ బహుమానము పొందినవాడు. అతడు క్షామము లేదని వ్రాసెను. గారెత్ జోన్స్ అను యువకుడు 1933 మార్చిలో ఉక్రేను పల్లెలలో కాలినడకను తిరిగి, ఆకలిచావులను స్వయముగా కనుగొని ప్రకటించెను. డ్యురంటీ అతని మాటను ఆ పత్రికలోనే ఖండించెను. ఆ కాలమున పేరుగల పత్రికయే గెలిచినది. నడచి చూచినవాని మాట దశాబ్దములు మరుగునపడినది.

మరొక నిదర్శనము మన రవీంద్రునిదే. 1930 సెప్టెంబరులో ఆయన మాస్కోకు పోయి, అచ్చట పేదల చదువునకు జరుగుచున్న కృషిని చూచి ఆశ్చర్యపడి మెచ్చుకొనెను. వెడలునప్పుడు ఇజ్వెస్తియా పత్రికతో మాటలాడుచు, ద్వేషమును నేర్పుటయు, భిన్నాభిప్రాయములను అణచుటయు మేలు కాదని హితవు చెప్పెను. ఆ పత్రిక ఆ మాటలను అచ్చువేయలేదు. 1988లో గాని అవి అచ్చట వెలుగు చూడలేదు. ఇటు చూతము. రష్యానుండి ఆయన వ్రాసిన మెప్పు లేఖల ఆంగ్లానువాదము 1934లో మోడరన్ రివ్యూలో రాగా ఆంగ్లప్రభుత్వము దానిని నిషేధించెను. ఒకే మనిషి, ఒకే ప్రయాణము. ఆయన విమర్శను మాస్కో దాచెను. ఆయన ప్రశంసను ఢిల్లీ దాచెను. రవీంద్రుని పూర్ణాభిప్రాయము రెండు దేశముల సామాన్యునికిని అందలేదు.

చీనా సంగతి మన వరిరైతులకు మరింత తేటగా తెలియును. 1958లో అచ్చట కమ్యూనులు ఏర్పరచి, పంటలు ఆకాశమును అంటుచున్నవని పత్రికలు పోటీలుపడి వ్రాసినవి. ఆ సెప్టెంబరులో గ్వాంగ్సీ ప్రాంతమున ఒక చోట ఒక ము భూమిలో 1,30,000 జిన్నులకు పైగా వడ్లు పండెనని ప్రకటించిరి. ము అనునది మన ఎకరములో ఆరవ వంతు. జిన్ను అర కిలో. లెక్కవేసినచో ఎకరమునకు దాదాపు 4 లక్షల కిలోలు. మన నెల్లూరు పుట్లలో 400కు పైగా. పెన్న కాలువక్రింద మొలగొలుకులు పండించిన రైతు ఎవరైనను ఈ అంకెను వినగానే నవ్వును. చీనా రైతును ఎరుగనివాడు కాడు. కాని ఎరిగినవాని నోరు కట్టివేయబడెను. ఆ అంకెలను నమ్మినట్లు నటించి అధికారులు ధాన్యమును లాగుకొనగా, 1959 మొదలు 1961 వరకు వచ్చిన క్షామమున కోట్లమంది నశించిరి. స్వేచ్ఛగల పత్రికలును ప్రతిపక్షమును ఉన్నచోట ఇంతటి క్షామము దాగియుండజాలదని అమర్త్య సేన్ గారు ఈ నిదర్శనముతోనే వాదించిరి. ఇది సామ్యవాద సిద్ధాంతమున కొక తీర్పు అని అందును గాని, దానికంటె ముఖ్యముగా నోరు మూయబడిన రాజ్యమునకు తీర్పు. బెంగాలులో 1943 క్షామము సామ్యవాద ప్రభుత్వము క్రింద రాలేదు. అప్పుడును యుద్ధకాలపు కట్టడులవలన నిజము ఆలస్యముగానే బయటపడినది.

ఇక 1955 ఎన్నికల ఫలితమునకు వత్తము. 196 స్థానములలో కాంగ్రెసు 119 గెలిచినది. కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. గోపాలరెడ్డిగారు మార్చిలో ముఖ్యమంత్రియైరి. సుందరయ్యగారు గన్నవరమునుండి గెలిచి శాసనసభలో ప్రతిపక్షమున కూర్చుండిరి. పత్రికలు కమ్యూనిస్టులను ఓడించినవని ఆనాడు అందరును అనిరి. ఓడినవారును అట్లే అనుకొని ఊరట చెందిరి.

కాని వోట్ల లెక్క వేరొక కథ చెప్పును. 1952లో వారికి ఆంధ్రజిల్లాలలో వచ్చినవి నూటికి సుమారు 22 వోట్లు. 1955లో, అంత భయంకర ప్రచారము తరువాత, వచ్చినవి నూటికి సుమారు 31. ఎక్కువ స్థానములలో నిలిచిరన్న మాట నిజమే. ఐనను పత్రికలు చెప్పినంతనే జనులు వారిని విడిచిపోయి యున్నచో ఈ సంఖ్య రాజాలదు. మరి స్థానము లెట్లు పోయినవి? ఒక ఊరిలో 100 వోట్లున్నవనుకొందము. 31 ఒకనికి, మిగిలిన 69 ముగ్గురికి పంచుకొనబడినచో 31 వానిదే గెలుపు కావచ్చును. ఆ 69 ఒక్కనికే చేరినచో 31 వాడు చిత్తు. 1952 ఎన్నికలకు ముందు కాంగ్రెసును విడిచి వేరు కుంపటి పెట్టుకొనిన రంగాగారి కృషికార్ లోక్ పక్షమును, ప్రకాశంగారి ప్రజాపక్షమును 1955లో కాంగ్రెసుతో ఒకటైనవి. అదియే ఫలితమును తారుమారు చేసినది.

రెండేండ్లకు కేరళదేశమున ఇదే వింత మరల కానవచ్చినది. 1957లో ఇ.యం.యస్. నంబూద్రిపాద్ గారి కమ్యూనిస్టు ప్రభుత్వము 126 స్థానములలో 60 గెలిచి స్వతంత్రుల మద్దతుతో ఏర్పడెను. విద్యాబిల్లును భూసంస్కరణలును ప్రవేశపెట్టగా మలయాళ మనోరమ, దీపిక మొదలగు పత్రికలు దానిపై ఎడతెగని పోరు సలిపినవి. 1959 జూలై 31న కేంద్రము ఆ ప్రభుత్వమును తొలగించినది. 1960 ఎన్నికలలో కమ్యూనిస్టుల స్థానములు 29కి పడిపోయినవి. కాని వారి వోట్లు నూటికి 35 నుండి 39కి పెరిగినవి. అచ్చటను ప్రతిపక్షములన్నియు కూటమి కట్టియుండెను.

ఈ రెండు నిదర్శనములనుండి నాకు తోచు సారాంశమిది. పత్రికలు వేసిన చిత్రము, మనిషి కంటితో చూచిన దానిని చెరిపివేయలేకపోయినది. కూలిరేటు పెంచుమని తమతోపాటు నిలిచినవారిని, తమతో కూర్చుండి భోజనము చేసినవారిని ఎరిగిన కూలీలకు, ఆ పక్షమువారు రాక్షసులని పత్రిక చెప్పినను ఎక్కలేదు. నంబూద్రిపాద్ గారి ప్రభుత్వము వలన తన గుడిసెనుండి వెళ్లగొట్టబడకుండ నిలిచిన కేరళ కుడికిదప్పుకారునకు, అనగా గుడిసె కౌలుదారునకు, పత్రిక మాట పనిచేయలేదు. పత్రిక పనిచేసినది మరొకచోట. ఇదివరకే శంకించుచున్నవారి శంకను భయముగా మార్చెను. భయపడినవారిని ఒక త్రాటిమీదికి తెచ్చెను. విడిపోయిన నాయకులను కూడుకొనుమని ఒత్తిడి చేసెను. పత్రిక మనసులను మార్చినదానికంటె మనుష్యులను కూర్చినది ఎక్కువ. అట్లే, రష్యాను స్వర్గముగా చూపిన పత్రికలు క్రొత్తవారిని తెచ్చినదానికంటె, ఉన్నవారిని ప్రశ్నలు వేయకుండ కాపాడినవి. ఆ కాపుదలయే వారికి నష్టమైనది. సోవియట్ రాజ్యము 1991లో కూలినప్పుడు, దశాబ్దములు ఆ నునుపు బొమ్మలనే చూచినవారు నిర్ఘాంతపోయిరి.

ఐనచో దూరపు చిత్రము వలన హాని లేదా? కలదు. ఎవనిని మనము కంటితో చూడలేదో, వాని విషయమున చిత్రమునకు అడ్డు లేదు. 1948 మొదలు 1951 వరకు ఆంధ్రజిల్లాలలో కమ్యూనిస్టులనిపించుకొన్న ముద్ర చాలును, పోలీసులు ఇండ్లపై పడి యువకులను కొట్టినను, కాల్చినను పలువురు మెదలక యుండిరి. తెలంగాణాలో పోరాటము పేర ఆ పక్షమువారు భూస్వాములని, ద్రోహులని ముద్రవేసి చంపినవారిని గూర్చి వారి పత్రికలు చదివినవారును మెదలక యుండిరి. ముద్ర ముందు పడును. మనిషి తరువాత పడును. ఊరిలో నిన్నటివరకు వరుసలు కలిపి బావా, మామా యని పిలుచుకొన్నవారు ఒక మాటతో శత్రువులైరి. పత్రికల ప్రభావమును లెక్కించునప్పుడు స్థానములకంటె ఈ నష్టమును ముందు లెక్కించవలెను.

ఇప్పుడు కాలము మారినది. మదరాసు బండికై ఎదురుచూచు రోజులు పోయినవి. చేతిలోని ఫోనునందే లోకమంతయు బొమ్మలై కదలును. క్యూబా, వియత్నాము, చీనా, వెనిజులా – ఏ రాజ్యమును గూర్చియైనను గడియకొక చిత్రము వచ్చును. కాని మనుమడు ఆ బొమ్మను చూపి నిజమేనా తాతా యని అడుగునప్పుడు, రచ్చబండమీద పత్రిక చదివిన పెద్ద స్థానముననే నేటికిని మీరున్నారు. ఆ సమయమున మీ పంట లెక్క మీకు ఉపకరించును. చెప్పినవాడు నడచి చూచినవాడా, గదిలో కూర్చుండి వ్రాసినవాడా? అతడు చెప్పిన అంకెను మన పొలమున కొలిచిన నిలుచునా? ఆ రాజ్యపు రైతే స్వయముగా తన కష్టమును చెప్పుకొనుటకు అచ్చట ఒక పత్రిక యున్నదా? ఈ ప్రశ్నలు సామ్యవాద ప్రభుత్వములకే కాదు, వానిని దూషించు ప్రభుత్వములకును చెల్లును.

గోపాలరెడ్డిగారు 1962–63లో కేంద్రమున సమాచార ప్రసారశాఖ మంత్రిగా నుండి రేడియోకు పెద్ద దిక్కైరి. సుందరయ్యగారు 1985లో పరమపదించువరకు తమ పక్షమును విడువలేదు. ఒకరి ఊరినుండి మరొకరి ఊరికి ఉదయము బయలుదేరినవాడు మధ్యాహ్నమునకు చేరగలడు. ఆ ఇద్దరి ఊళ్లవారును ఒకరినొకరు పత్రికలద్వారా తెలిసికొనవలసిన పనిలేదు. సంతలో, కాలువగట్టున, పెండ్లిపందిరిలో చూచుకొని తెలిసికొనిరి. పరదేశముల విషయమున మనకా భాగ్యము లేదు. కాబట్టి అచ్చట ఒక చిత్రమును విన్నప్పుడు, రెండవ చిత్రమును కూడ అడిగి వినుడు. ఆ తరువాతనే ఊరివారికి చదివి వినిపింపుడు.